మీసాలున్న కుట్టు

చీమా,

ఆ కుట్టు నీదా, నాదా?

ఎలా ఉన్నావని అడిగి ఉత్తరం మొదలుపెట్టాలని నాకూ తెలుసు. అలా మొదలుపెట్టిన కాగితాలు నాలుగు చింపేశాను. పద్దెనిమిదేళ్ళుగా నీకు చెప్పాలనుకున్నవన్నీ ఈ ఒక్క ప్రశ్న వెనకే ఇరుక్కుపోయాయి. అందుకే దాన్ని ముందు పెట్టాను. నన్ను ‘మీసాలు’ అని పిలిచిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ పేరుతో సంతకం పెట్టే హక్కు నాకింకా ఉందో లేదో, ఇది చదివాక నువ్వే చెప్పాలి.

ముందు నా పని గురించి చెప్తాను. దాని దగ్గర నాకు తడబాటు లేదు.

మన ఆస్పత్రిలోనే, మన పాత డ్రెస్సింగ్ రూములోనే, ఇప్పుడు నేను సర్జరీ పిల్లలకి సన్నకుట్లు నేర్పుతున్నాను. అగ్గిపుల్లలో సగం లావు కూడా లేని రక్తనాళాన్ని, వెంట్రుక కన్నా సన్నటి దారంతో, ఎనిమిది కుట్లలో కలపడం. కిటికీ పక్క మనిద్దరం ఒకే గ్లవ్ ముక్కని అటు నువ్వూ ఇటు నేనూ కుట్టిన బల్ల ఇంకా అక్కడే ఉంది. మన రోజుల్లో ఉన్నది ఒకే మైక్రోస్కోప్, అదీ మన ప్రొఫెసర్ పెద్దాయనది. ఆయన గదిలో లేనప్పుడు దాన్ని ముట్టుకుంటే ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నంత నేరం. గ్లవ్ ముక్కలు దాటాక నేర్చుకోవడానికి చోటు లేక నేరుగా మనిషి వేలి మీదే నేర్చుకున్నాం మనం. ఇక మీదట అలా జరగకూడదనే నేనొక పెట్టె తయారుచేశాను.

చెప్పుల డబ్బా అంత ఉంటుంది. మూతకి గుండ్రటి కన్నం, కన్నంలో చిన్న భూతద్దం. దాని మీద ఎవరి ఫోను వాళ్ళు పడుకోబెట్టుకుంటారు. రెండు పక్కల నుంచీ చేతులు లోపలికి పోనిస్తే, ఫోను తెర మీద వెంట్రుక తాడులా కనిపిస్తుంది. ఫోర్సెప్స్ పట్టుకార్లు కూడా మామూలువే, వాటి మొనలు నూరుడు రాయి మీద నేనే నూరాను. అంతా బాగానే ఉంది కానీ మొదట్లో ఒక చిక్కు నన్ను ఏడిపించింది. తెర మీద లోతు తెలియదు. సూది నాళాన్ని తాకిందో, దానికి పైన గాల్లో ఉందో అర్థం కాదు. పిల్లలు శ్రద్ధగా గాలిని కుట్టేవాళ్ళు. రెండు నెలలు తల పగలగొట్టుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం ఎండ పక్క కన్నంలోంచి ఏటవాలుగా లోపలికి పడింది. సూదికి నీడ వచ్చింది. సూది మొనా, నీడ మొనా ఎక్కడ కలిస్తే అక్కడ తాకినట్టు. అంతే, ఇంకేం లేదు. ఇప్పుడు ప్రతి పెట్టెకీ ఎడమ పక్క చిన్న టార్చి ఉంటుంది. నేను జీవితంలో కనిపెట్టింది అదొక్కటే, అయినా దాని గురించి చెప్పేటప్పుడు నాకు సిగ్గూ మొహమాటం ఉండవు.

మొదటి నెల గ్లవ్ ముక్కలు, తర్వాత కోడి తొడలోని రక్తనాళం. మాంసం కొట్టాయన నన్ను చూడగానే నవ్వు ఆపుకుంటాడు. తొడ ముక్క కొని, మాంసం అక్కడే ఇచ్చేసి, లోపలి నాళం మాత్రం సీసాలో పట్టుకుపోయే మనిషిని ఆయనెక్కడా చూడలేదట. “డాక్టరమ్మా, ఇంతకీ కోడి బతికేట్టే ఉందంటారా?” అని రోజూ అడుగుతాడు.

కుట్టడం అయ్యాక సిరంజితో ఎర్రసిరా నీళ్ళు పంపిస్తారు. ఎక్కడా కారకపోతే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. అప్పుడు నేను కత్తెర అందిస్తాను. నాళాన్ని నిలువునా కోసి, పుస్తకంలా తెరిచి, అట్ట మీద గుండుసూదులతో పరిచి, అందరి ముందూ పెట్టాలి. బయటికి ఎంత ముద్దుగా ఉన్నా సరే. ముందు గోడలోంచి దూరాల్సిన సూది వెనక గోడని కూడా పట్టేసుకుంటే, జేబు నోరు కుట్టేసినట్టే. నీళ్ళయితే పక్కనుంచి జారిపోతాయి. రక్తం జారదు, అక్కడ ఆగుతుంది, గడ్డకడుతుంది. అది లోపల చూస్తే తప్ప తెలియదు. అందుకని మా గదిలో మొదట కోసేది ఎప్పుడూ నా అట్ట మీది నాళమే. పిల్లల కన్నా ముందు నాది తెరుస్తాను.

ఈ పెట్టెలు వచ్చే నెల నలభై ఆస్పత్రులకి వెళ్తున్నాయి. పెట్టెతో పాటు ఒక కార్డు, కార్డు మీద వెనక గోడ కుట్టు ఎలా ఉంటుందో చూపించే ఫోటో. ఆ ఫోటో కోసం వెతుకుతుంటే, రిటైరైన పెద్దాయన తన పాత ఫోటో స్లైడ్ల పెట్టె మొత్తం నాకిచ్చేశారు. అందులో దొరికింది. ‘వెనక గోడ’ అని ఆయన దస్తూరీలో ఉంది, తారీకుంది. ఆ తారీకు నీకూ గుర్తుండే ఉంటుంది.

ఆ బైండింగ్ షాపు ఆయన కేసు. కాగితాలు కోసే యంత్రం కింద పడి తెగిన చూపుడువేలు. వేలికి అటూ ఇటూ రెండు నాళాలు, ఒకటి నీకు, ఒకటి నాకు ఇచ్చారు పెద్దాయన. నువ్వు కిటికీ వైపు, నేను తలుపు వైపు. మూడో రోజుకి వేలు నల్లబడింది. తిరిగి తెరిస్తే, ఒక నాళం యంత్రం నలిపేసినందువల్ల మొదటి రోజే గడ్డకట్టింది, అది ఎవరి తప్పూ కాదన్నారు. రెండోది, బొటనవేలి వైపుది, నిలబడాల్సింది. దానిలో ఒక కుట్టు వెనక గోడని పట్టేసి ఉంది. ఎవరు ఏ వైపో సిస్టర్ రాసిన థియేటర్ కాగితంలో ‘బొటనవేలి వైపు’ అన్న చోట నీ పేరుంది. మర్నాడు మీటింగులో అందరి ముందూ పెద్దాయన నీ వైపు చూడకుండా, “చేతులు అందరికీ రావు,” అన్నారు. వారం తిరక్కుండా నువ్వు పిల్లల వైద్యానికి మారిపోయావు.

చీమా, ఆ కాగితం రాసినప్పుడు ఆ బైండింగ్ ఆయన చెయ్యి బోర్లా ఉంది. ఎముక, పైవైపు నరాలు అయ్యాకే కదా వెల్లకిలా తిప్పాం. నువ్వూ నేనూ కుర్చీల్లోంచి లేవలేదు. బోర్లా ఉన్నప్పుడు నీ వైపున్న బొటనవేలు, తిప్పాక నా వైపుకి వచ్చింది. కాగితాన్ని ఎవరూ తిప్పలేదు.

ఇది నాకు ఆ మీటింగులోనే తట్టింది. తట్టిందనే అనుకుంటున్నాను. “సర్, పేర్లు చెయ్యి తిప్పక ముందు రాశారా, తర్వాతా?” అని ఒక్క మాట అడగాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది. నేను పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ కూర్చున్నాను. తర్వాత, ఒకవేళ తిప్పాకే రాశారేమోలే అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం కూడా నా చేతికి బాగా అలవాటైన కుట్టే.

ఇప్పుడీ స్లైడు. భూతద్దం పెట్టి చూశాను. నువ్వు ముడి వేశాక రెండు కొసలూ మొదలంటా కత్తిరించేదానివి, చీమ తలంత ముడి మిగిలేది. నేను ఒక కొస పొడుగ్గా వదిలేదాన్ని, దాన్ని పట్టుకుని నాళాన్ని ఇటూ అటూ తిప్పుకోవచ్చని. “నీ కుట్లకి మీసాలొచ్చాయే,” అన్నావు. అలా వచ్చిందే నా పేరు. స్లైడులో కుట్లన్నిటికీ మీసాలున్నాయి.

పెద్దాయన ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు స్లైడుని వెలుతురుకి పెట్టి చూశారు. “ఎవరిదైతే ఏమిటమ్మా, వేలైతే పోయింది కదా,” అన్నారు. నీ పేరు చెప్తే, “ఏ పిల్ల?” అన్నారు. ఆయన ఒక్క వాక్యంతో నీ దారి మార్చేశారు, చీమా. ఆయనకి నీ మొహం కూడా గుర్తులేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు, అదే నన్ను భయపెట్టింది. ఆయన మరిచిపోయారు, నేను గుర్తుండీ నోరు మూసుకున్నాను.

అందుకని నిర్ణయించుకున్నాను. కార్డు మీద ఆ ఫోటో కింద నా పేరు వేస్తాను. ‘ఈ కుట్టు వేసింది నేను. నింద మోసింది మరొకరు.’ నలభై ఆస్పత్రుల్లో చదువుతారు. నీకు తిరిగి ఇవ్వగలిగింది ఇంతకన్నా ఏమీ కనిపించడం లేదు. ప్రింటుకి ఇచ్చే ముందు నీ మాట కావాలి. ఒక పెట్టె కూడా విడిగా పంపుతున్నాను. తెరవకపోయినా ఏమీ అనుకోను.

నువ్వు ఒప్పుకుంటే,
మీసాలు

*

ఒసేయ్ మీసాలూ,

ఒప్పుకున్నాను, సంతకం పెట్టుకో. పద్దెనిమిదేళ్ళు మాట్లాడకుండా ఉండి, ఉత్తరం మొదట్లోనే ‘నీదా నాదా’ అని వాటాల పంచాయితీ పెట్టినదానివి నువ్వొక్కదానివే.

నా సంగతి చెప్తాను. నా క్లినిక్కు గది చిన్నది, గోడకి ఏనుగు బొమ్మ, ఆ ఏనుగు తొండాన్ని రోజుకో పిల్లాడు గీకేస్తాడు. చెవిలో బఠాణీ గింజ పెట్టుకున్న వాళ్ళు, ముక్కులో బలపం పెట్టుకున్న వాళ్ళు, నన్ను చూడగానే తల్లి మెడ చుట్టూ చేతులు బిగించేవాళ్ళు. నాకు ఇది ఇష్టం. ఇష్టపడడం నేర్చుకోలేదు, మొదటి రోజు నుంచే ఇష్టం. ఇది ముందు గట్టిగా రాసి పెడుతున్నాను, ఎందుకంటే నీ ఉత్తరంలో నేను ఏదో పోగొట్టుకున్నదానిలా ఉన్నాను.

నిజం చెప్పనా? పెద్దాయన ఆ మాట అన్నప్పుడు చెవులు కాలిపోయాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున లేచాక, ఇక ఆ మైక్రోస్కోప్ ముందు కూర్చోనక్కర్లేదు కదా అనిపించి ఒళ్ళంతా తేలికైపోయింది. పెద్దాయనకి సాయంగా గంటల తరబడి కదలకుండా కూర్చున్న ప్రతిసారీ లోపల ఎవరో పరిగెడుతున్నట్టుండేది నాకు. మానేయడానికి నాకొక కారణం కావాలి, ఆయన ఇచ్చారు. ఆయన మాట తప్పే. దాన్ని నేను వాడుకున్నదీ నిజమే. నువ్వు నీ పెన్ను మూతతో ఆడుకున్నావు, నేను నా కారణంతో ఆడుకున్నాను.

ఇక మీసాల విషయం. నువ్వు తెలివైనదానివే కానీ సగమే గుర్తుపెట్టుకుంటావు. ఆ ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం డ్రెస్సింగ్ రూములో నువ్వే నాకు చెప్పావు. “గ్లవ్ వేరు, మనిషి నాళం వేరు. రేపెప్పుడైనా నిజం నాళం దొరికితే ఒక కొస వదిలెయ్యవే, లేకపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు,” అన్నావు. నేను వెక్కిరించాను. మర్నాడు ఆ వేలు వచ్చింది. నేను వదిలాను, మీసాలూ. ఎనిమిదింటికీ వదిలాను. పక్కనుంచి నువ్వు చూస్తే ఏడిపిస్తావని వంగి కూర్చున్నాను కూడా.

కాబట్టి ఆ స్లైడు నీ మీద సాక్ష్యం చెప్పదు. నా మీదా చెప్పదు. కాగితం ఎప్పుడు రాశారో నాకూ గుర్తులేదు. ఆ రోజు రాసిన సిస్టర్‌ని అడుగుదామంటే ఆవిడ ఇప్పుడు లేదు.

నువ్వు చేయని పనొకటి నేను చేశాను, అదీ చెప్పేస్తాను. ఏడాది తర్వాత ఆ బైండింగ్ షాపుకి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పని ఆపకుండానే మాట్లాడాడు. కాగితాలు మధ్యవేలితో ఎత్తుతున్నాడు, నేను డబ్బు కూడా అంత వేగంగా లెక్కపెట్టలేను. “మొదట్లో మధ్యవేలికి పని రాలేదమ్మా, వెనకబడ్డ పిల్లాడిలా ఉండేది. ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పాను,” అన్నాడు. తప్పు నాదని చెప్పాను. “మీరిద్దరూ తొమ్మిది గంటలు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారట కదా, మా ఆవిడ చెప్పింది,” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. క్షమించాడో లేదో నాకు తెలియదు. టీ బాగుంది.

కార్డు మీద నీ పేరు వెయ్యకు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం పెద్దాయన చేసిన పనే. ఆయన నా పేరుతో చేశారు, నువ్వు నీ పేరుతో చేస్తానంటున్నావు.

పెట్టె తెరిచాను. టార్చి ఉపాయం నీ బుర్రలోంచి వచ్చిందంటే నమ్మాలనిపించడం లేదు, ఎండదే గొప్పదనం. నీ ఫోర్సెప్స్ మొనలు ఇంకా నూరాలి, దారం జారుతోంది. గ్లవ్సు పదకొండు పాడుచేశాను. మా పక్క వీధిలోనూ ఒక మాంసం కొట్టుంది.

ఇట్లు,
పెద్దాయనకి గుర్తులేని పిల్ల,
చీమ

*

చీమా,

నీ ఉత్తరం చేరాక ప్రింటు ఆపించాను. నా పేరు తీసేశాను. దాని బదులు కార్డు మీద ఒక్క వాక్యం చేర్చాను: ‘చెయ్యి తిప్పాక, ఎవరు ఏ వైపు కూర్చున్నారో మళ్ళీ రాయాలి.’ నలభై ఆస్పత్రులకీ అదే వెళ్ళింది. ఒక చోటి నుంచి అప్పుడే ఫోను చేసి, ఈ వాక్యం దేనికని అడిగారు. “మేం రాయలేదు కాబట్టి,” అన్నాను.

మా గదిలో పిల్లలకి మాత్రం మొత్తం కథ చెప్పాను, పేర్లు లేకుండా. స్లైడు చూపించాను. ఇద్దరిలో ఒకరిది, ఆ ఇద్దరిలో ఒకరిని నేను అన్నాను. ఒకమ్మాయి చెయ్యెత్తి, “మరి ఎవరిది మేడమ్?” అంది. నేను ఆ గదిలో ఎన్నో ప్రశ్నలకి జవాబు చెప్పాను. తెలియదని చెప్పడం మాత్రం అదే మొదటిసారి. వెనక బల్ల మీదివాడు, “అయితే ఇద్దరూ ఇంకో రెండు కోళ్ళు కుట్టాల్సిందే మేడమ్,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎప్పటిలాగే ముందు నా అట్ట కోశాను. శుభ్రంగా ఉంది. నా చేతుల మీద నాకు అనుమానం లేదు, చీమా. అది ఎప్పుడూ లేదు. అనుమానమంతా వాటికి పైనున్న మనిషి మీదే.

బైండింగ్ షాపుకి మొన్న వెళ్ళాను. ఆయన లేరు. కూతురు నడుపుతోంది. ఆ పాత కోత యంత్రం ఇంకా మూలనుంది, దాని బ్లేడు ముందు ఇనుప కడ్డీ ఒకటి అడ్డం పెట్టించారు. “నాన్న పెట్టించారు. చెయ్యి పోనివ్వదు,” అంది. ఆయన కూడా మన కార్డు లాంటిదే రాసి పెట్టి పోయారనుకున్నాను. నేను ఎవరో చెప్పాను. ఆమె టీ తెప్పించింది. నువ్వన్నది నిజమే, బాగుంది.

ఇక నిన్నటి సంగతి. నువ్వు పంపిన అట్ట చేరింది. ఉప్పునీళ్ళ సీసాలో అట్టతో సహా నాళం, మూత చుట్టూ నీ క్లినిక్కు టేపు. ఎనిమిది కుట్లు. నువ్వు కోయకుండా పంపావు. రూలు మా గదిది కాబట్టి కోసే పని నాకు వదిలావన్న మాట. పిల్లల ముందే ఎర్రనీళ్ళు పంపించాను, ఒక్క చుక్క కారలేదు. అప్పుడు కత్తెర తీసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ కింద ‘చేతులు రావు’ అనిపించుకున్న మనిషి కుట్టు అది. తెరిచి పరిచాను.

ఒక్కటి కూడా వెనక గోడని పట్టలేదు. వెనక బల్ల వాడు దగ్గరికొచ్చి చూసి, “ఈవిడ మనకి పాఠం చెప్పడానికి ఎప్పుడొస్తారు మేడమ్?” అన్నాడు. నువ్వే జవాబు రాయి. కోతి వేషాలు వేసే పిల్లల్ని చూసుకోవడం నీకు ఎలాగూ అలవాటే.

తర్వాత అందరూ వెళ్ళిపోయాక భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను. నాలుగు ముడులు చీమ తలంత, మొదలంటా కత్తిరించి ఉన్నాయి. మిగతా నాలుగింటికీ మీసాలున్నాయి. ఏడిపించడానికే పంపావని తెలుసు. బల్ల దగ్గర ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఆ అట్ట మన కిటికీ పక్కన గోడకి కొట్టించాను.

నువ్వు రాసినదంతా నమ్మాను, ఒక్క చోట తప్ప. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం నేను నీకు ఆ సలహా ఇచ్చానన్నావు. ఎంత గింజుకున్నా ఆ సాయంత్రం నాకు గుర్తు రావడం లేదు. నేను అలా అనగలిగే మనిషినే. నువ్వు నన్ను కాపాడడానికి ఒక సాయంత్రం మొత్తాన్ని కల్పించగలిగే మనిషివే. జరిగింది చెప్పావో, నా మీద జాలిపడ్డావో, నేను తేల్చుకోలేకపోతున్నాను. నిన్ను అడగాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

నీ
మీసాలు